పేరు రాసిన ఖాళీ సీసా

అంకుల్ పోయిన మూడో వారం ఆంటీ ఫోన్ చేసింది. గరాజ్ సర్దుతోందట. "ఒకసారి రామ్మా, ఇందులో ఏది పారెయ్యాలో ఏది ఉంచాలో నాకు తెలీడం లేదు" అంది. హామిల్టన్‌లో మా ఫ్లాట్ నుంచి వాళ్లింటికి పది నిమిషాల డ్రైవ్. నేను వెళ్లేసరికి ఆంటీ హాస్పిటల్ డ్యూటీ బట్టల్లోనే, గరాజ్ మధ్యలో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆయన గంబూట్లు, రెయిన్ జాకెట్, రెండు చిల్లీ బిన్లు, రబ్బరు బ్యాండు వేసిన పాకెట్ నోట్‌బుక్కులు.

ఇక్కడ ఐసు పెట్టెను చిల్లీ బిన్ అంటారు. ఆయనవి రెండూ ఒకటే సైజు, ఒకటే రంగు. ఎర్ర టేపు చుట్టిన దాంట్లో పరీక్ష కోసం పట్టిన నీళ్ల సీసాలు, టేపు లేని దాంట్లో ఆంటీ కట్టిచ్చిన పెరుగన్నం. ఒకసారి నేను పొరపాటున నా ఆపిల్ పండు ఎర్ర టేపు పెట్టెలో పెడితే, బండి రోడ్డు పక్కకి తీసి ఆపి, ఆ పండు బయటికి తీసేదాకా కదల్లేదు.

ఆంటీ ఒక సీసా నా చేతికిచ్చింది. అర లీటరు ప్లాస్టిక్ సీసా, ల్యాబ్‌లో నీళ్ల నమూనాలకి మేం రోజూ వాడేదే. లేబుల్ మీద ఆయన గుండ్రటి తెలుగు అక్షరాల్లో ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న ఊరి పేరు. నమూనా తీసినవారు అన్నచోట ఆయన పేరు. తేదీ, సమయం ఖాళీ. లోపల చుక్క నీళ్లు లేవు.

"ఖాళీ సీసాకి పేరెందుకు రాసుకున్నాడో ఈయన. పారెయ్యనా?" అని అడిగింది ఆంటీ.

"వద్దాంటీ. నాకియ్యండి" అన్నాను.

నాకు ఆ ఊరి పేరు తెలుసు. ఆయన నోట ఒక్కసారే విన్నాను. ఇక్కడ ఆ ఊరి పేరు రాయడం లేదు, ఆయన పేరు కూడా రాయడం లేదు. ఆయన ఉంటే దీనికి ఒప్పుకునేవారు కాదు. పేరు లేని సీసా ల్యాబ్ గుమ్మం దాటకూడదనే మనిషి.

క్రైస్ట్‌చర్చ్ భూకంపం అయిన మరుసటి ఏడాది నేను చదువుకోవడానికి ఈ దేశం వచ్చాను. చదువైపోయాక నాతో వచ్చినవాళ్లు సగం మంది ఆ ఊరు తిరిగి కట్టే పనుల్లోకి వెళ్లిపోయారు. నేను హామిల్టన్‌లో నీళ్లు, మట్టి పరీక్షించే ఒక ల్యాబ్‌లో చేరాను. మొదటి రోజు కారిడార్‌లో ఎదురుపడ్డ పెద్దాయన తెలుగువాడని మొహం చూసి గుర్తుపట్టి, నవ్వాను. ఆయన నవ్వలేదు. నా పళ్ల వంక చూశారు.

"నల్లగొండా?" అన్నారు.

నేను ఠక్కున నోరు మూసుకున్నాను. నా పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. చిన్నప్పటి నుంచీ ఫొటోల్లో పెదాలు బిగించి నవ్వడం అలవాటు. పెళ్లి చూపుల్లో ఒకాయన ఆ చారల సంగతి పైకే అన్నాడు కూడా. పరాయి దేశంలో, ఉద్యోగంలో చేరిన మొదటి గంటలోనే మళ్లీ అదే మాట ఎదురైతే, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా అయింది నా పని.

"మూసుకోబాకమ్మాయ్. అది నీ తప్పు కాదు, నీళ్ల తప్పు" అన్నారాయన. అని, తన పని మీద తను వెళ్లిపోయారు. నాకు కోపమొచ్చింది. ఆయన మీద నాకు కోపం రావడం అదే మొదలు, అదే చివర.

ఆంటీ నర్సు ఉద్యోగం మీద ఇక్కడికొస్తే ఆయన ఆంటీ వెనక వచ్చారు. అక్కడ భూగర్భ జలాల ఆఫీసర్. జీపు, అటెండరు ఉండేవాళ్లు. ఇక్కడ తెల్ల వ్యాను తనే తోలుకుంటూ, పొలాల్లో బోర్ల దగ్గర, నదుల ఒడ్డున సీసాలు నింపుకొచ్చే ఉద్యోగం. దాని గురించి ఆయన నొచ్చుకోగా నేను చూడలేదు. "అక్కడ సంతకాలు పెట్టేవాణ్ణి, ఇక్కడ నీళ్లు పడతన్నా. ఇదే నయం" అనేవారు.

మా పని ఒక్క మాటలో చెప్పాలంటే, నీళ్లలో కరిగి ఉన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవడం. వైకాటో నది వేడి నీటి ఊటలున్న నేల మీదుగా వస్తుంది. ఆ ఊటల్లోంచి ఆర్సెనిక్, అంటే మన పాషాణమే, కొద్దికొద్దిగా నీళ్లలో కలుస్తుంది. అది నేల గుణం. పాత రోజుల్లో గొర్రెలకి పురుగు పట్టకుండా వాటిని మందు నీళ్ల గుంటల్లో ముంచి తీసేవాళ్లు. ఆ మందులోనూ పాషాణమే. అది మనిషి చేసింది. రెండూ నీళ్లలో ఒకేలా ఉంటాయి. దేన్నెలా గుర్తుపట్టాలో యూనివర్సిటీలో నేను ఒక సెమిస్టరంతా చదివాను. అంకుల్ దాన్ని ఒక ప్రశ్నలో చెప్పేవారు: "చుట్టాలతో వచ్చాడా, ఒంటరిగా వచ్చాడా?" వేడి నీళ్ల నుంచి వచ్చిన పాషాణం లిథియం, బోరాన్ లాంటి చుట్టాల్ని వెంటేసుకుని వస్తుంది. మందు గుంట నుంచి వచ్చింది ఒంటరిగా వస్తుంది.

ఆయన పనిచేస్తుంటే చూడాలి. ముందు సీసా మీద పేరు రాసేవారు, ఆ తర్వాతే మూత తీసేవారు. పేరు రాసిన సీసాని ఖాళీగా వెనక్కి తెచ్చేవారు కాదు. ఒకసారి వాగు ఎండిపోయి కనిపిస్తే, పై వైపు రెండు కిలోమీటర్లు నడిచి నీళ్లు దొరికిన చోట పట్టుకొచ్చారు. నింపే ముందు అదే నీళ్లతో సీసాని మూడుసార్లు కడగాలి. ఆయన కొలత కుంచం పట్టుకున్న రైతులా పైకే లెక్కపెట్టేవారు. "లాభం, రెండు, మూడు." ఒకటి అనేవారు కాదు. ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ల నాన్న అలాగే అనేవాడట. మా ల్యాబ్‌లో ఈ దేశపు కివీ పిల్లలకి నా పేరు పలకడం వచ్చేది కాదు గానీ, లాభం అనడం మాత్రం అందరికీ వచ్చేసింది.

ఇంకో అలవాటుంది. ఏ పొలానికి వెళ్లినా ఆ ఇంటివాళ్లు టీ తాగి వెళ్లమంటారు. ఇంట్లో ఆంటీ చేతి చిక్కటి పాల టీలో మూడు చెంచాల పంచదార వేసుకునే మనిషి, అక్కడ పాలొద్దు, చక్కెరొద్దు, వట్టి డికాక్షన్ చాలు అనేవారు. కప్పు చేతికి రాగానే కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో చూసేవారు. తర్వాత కషాయం తాగినట్టు మొహం పెట్టి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగేవారు. బండెక్కాక నోట్‌బుక్కులో ఏదో రాసుకునేవారు. షుగరుందేమో, ఆంటీకి తెలియకుండా జాగ్రత్త పడుతున్నారేమో అనుకున్నాను. ఒకరోజు ఆయన బండి దిగినప్పుడు ఆ నోట్‌బుక్కు తెరిచి చూశాను. పొలాల పేర్లు, పక్కన 'ఎర్ర టీ', 'ఎర్ర టీ', 'నేరేడుపండు రంగు', 'కాటుక'.

"ఏందంకుల్ ఇది?" అని అడిగాను.

"నీళ్లల్లో ఇనుము కరిగుంటే టీ నల్లబడుద్దమ్మాయ్. మా అమ్మకి తెలిసిన సంగతే. మీ మిషను చెప్పేదాకా ఆగడం ఎందుకు?"

"అట్లయితె నాలుక మీద ఏసుకొని రుచి చూస్తె సరిపాయె గద?"

ఆయన మొహం మారిపోయింది. "కన్నుని కొంత నమ్మొచ్చు. నోటిని నమ్మబాక" అని బండి స్టార్ట్ చేశారు.

ఇక నేను పప్పులో కాలేసిన సంగతి చెప్పాలి. తె అరోహా కొండల కింద ఒక పొలం. అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. భర్త పోయి రెండేళ్లయింది. వెనక గుమ్మం దగ్గర ఆయన గంబూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడకి తన బోరు నీళ్ల మీద అనుమానం. పెళ్లయిన కొత్తలో భర్త తన చేతులతో తవ్విన మందు గుంట ఒకటి ఆ బోరుకి దగ్గర్లోనే ఉండేది. ఆ నీళ్లే పిల్లలకి పట్టింది, మనవలకి పట్టింది. "ఆయన చేసిందేనా కాదా, అదొక్కటే నాకు తెలియాలి" అంది మాతో.

ఆ రోజు అంకుల్‌కి మోకాలు నొప్పి. ఆయన్ని ఆవిడతో వంటింట్లో టీ తాగమని కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే పంపు షెడ్డుకి వెళ్లాను. వాన కుమ్మేస్తోంది. లోహాలు చూసే సీసాలో రెండు చుక్కల యాసిడ్ ముందే ఉంటుంది. నీళ్లని ఫిల్టర్‌లోంచి వడగట్టి అందులో పొయ్యాలి. పాత ఇనుప పైపు, తుప్పు నీళ్లు, ఫిల్టర్ రెండు నిమిషాల్లో మూసుకుపోయింది. ఇంకో ఫిల్టర్ కోసం బండి దాకా వెళ్లాలి. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని వడగట్టకుండానే పోసేశాను. కాగితం మీద 'వడగట్టబడింది' అన్నచోట మాత్రం టిక్కు పెట్టాను.

ఫలితం వచ్చింది. పాషాణం ఎక్కువగా ఉంది, చుట్టాలు ఆ లెక్కకి తగినంత లేరు. ఒంటరిగా వచ్చినట్టే. అంకుల్ మోకాలి కోసం సెలవులో ఉన్నారు. నేనే ఆవిడకి ఫోన్ చేసి, మందు గుంట నుంచే వచ్చి ఉండొచ్చని చెప్పాను. ఆవిడ "సరే, చెప్పినందుకు మంచిది" అని పెట్టేసింది.

అంకుల్ సెలవు నుంచి వచ్చిన రోజు నా టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక చేతిలో నా రిపోర్టు, ఇంకో చేతిలో నోట్‌బుక్కు.

"ఇంత ఇనుముందంటన్నావు గదా. ఆరోజు ఆమె ఇచ్చిన టీ ఎర్రగా ఉందే. ఇంత ఇనుము కరిగుంటే కాటుకై పోవాలి. ఏం చేశావమ్మాయ్?"

నేను తల దించుకున్నాను. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణం నాకు ఉంది కూడా. "వడగట్టలె అంకుల్. తుప్పు యాసిడ్ల కరిగిపోయినట్టుంది" అన్నాను. ఆ తుప్పు ఎన్నో ఏళ్లుగా పీల్చి పట్టుకున్న పాషాణం కూడా దాంతోపాటు కరిగింది. నీళ్లలో లేనంత పాషాణం ఉందని చెప్పాను.

ఆయన తిట్టలేదు. కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. నేను ఆ టిక్కుని గట్టిగా నల్లగా రుద్దెయ్యబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అట్టా రుద్దకూడదు. ఒక్క గీత కొట్టు. కింద ఏముండిందో కనపడాల. పక్కన నీ పేరు రాయి."

గీత కొట్టాను. పేరు రాశాను. "ఇప్పుడు ఆమెకి చెప్పు" అన్నారు. నావల్ల కాదన్నాను. మీరు చెప్పండి అంకుల్, మీరైతే మంచిగ చెప్తరు అని బతిమాలాను. ఆయన లేచి బండి తాళాలు తీసుకున్నారు.

తె అరోహా దారిలో మోరిన్స్‌విల్ దాటాక ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

"కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. కరువు. మా జిల్లాలో ఒక ఊళ్లో వేసిన బోర్లన్నీ ఎండిపోయినయ్. ఆడోళ్లు రెండు మైళ్లు పోయి తెచ్చుకుంటన్నారు. మీటరు పెట్టి చూసి, ఇక్కడ బోరెయ్యండని నేను పాయింటు ఇచ్చా. నీళ్లు పడినయ్. ఎట్టా పడినయ్యనుకున్నావ్, ఎగజిమ్మినయ్. కొబ్బరికాయ కొట్టారు. ఒకామె నన్ను కూచోబెట్టి సంగటి పెట్టింది. దోసిలి పట్టి తాగి చూశా. తియ్యగా ఉండయ్. రిపోర్టులో మంచినీళ్లు అని రాసి సంతకం పెట్టా."

అప్పుడే ఆ ఊరి పేరు చెప్పారు.

"ఫ్లోరైడుకి రుచుండదు గదమ్మాయ్. చదువుకున్నోణ్ణి, నాకు తెలీదా? సీసా పట్టి ఒంగోలు పంపిచ్చుంటే వారంలో తెలిసేది. పంపీలా. నీళ్లు పడినయ్యా అని అడిగాంగానీ ఏం నీళ్లు అని అడగలా. చానా ఏళ్ల తర్వాత ఆ దారిన బస్సులో పోతన్నా. బడి వదిలారు. పిల్లకాయల్ని చూశా. పళ్లు చూశా, కాళ్లు చూశా. బస్సు టీకి ఆగింది ఆడనే, పది నిమిషాలు. దిగలా."

ఎదురొచ్చిన పాల ట్యాంకరుకి ఆయన బండి పక్కకి తీసి దారిచ్చారు.

"దిగి చెప్పుంటే ఆ తర్వాత పుట్టినోళ్లన్నా బాగుండేవాళ్లు. ఆలస్యం అమృతం విషం అంటారు. ముందే విషమైందానికి ఇంక చెప్పేదేముంది? నీ పళ్లు చూసి నీళ్ల తప్పు అన్నాను గుర్తుందా? నీళ్ల తప్పు కాదమ్మాయ్. నాలాంటోళ్లది." బండి ఆ పొలం దారిలోకి తిప్పుతూ అన్నారు. "నీది పది రోజుల తప్పు. పోయి చెప్పు."

వెనక గుమ్మం దగ్గర గంబూట్లు లేవు. నా మాట నమ్మి ఆవిడ వాటిని తీసేసింది. అంకుల్ బండిలోనే ఉండిపోయారు. వంటింటి బల్ల దగ్గర నిలబడి, నేను పని సరిగా చేయలేదని, చేశానని కాగితం మీద అబద్ధం రాశానని ఆవిడకి చెప్పాను. ఆవిడ వెళ్లి కెటిల్ స్విచ్ వేసి, "ఆయన్ని కూడా లోపలికి పిలువు, చలిగా ఉంది" అంది. ఈసారి అంకుల్ షెడ్డు బయట గొడుగు పట్టుకుని నిలబడితే నేను నాలుగు ఫిల్టర్లు మార్చి వడగట్టాను.

పాషాణం ఉంది, కొద్దిగానే. చుట్టాలతో వచ్చింది. కొండ కింది వేడి నీళ్ల నుంచి వచ్చింది, ఆ దంపతులు పుట్టకముందు నుంచీ వస్తోంది. తాగడానికి వాన నీళ్ల ట్యాంకు పెట్టుకోమని, మందు గుంట కారణం కాదని నేనే ఫోన్‌లో చెప్పాను. ఆవిడ థాంక్యూ అనలేదు. "ఈ సంగతి ఆయనకి వెళ్లి చెప్పాలి" అంది. సమాధి ఊరి బయటే ఉంది. తర్వాతి సారి ఆ వైపు వెళ్లినప్పుడు గంబూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి. అంకుల్ వాటిని చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ప్రకాశం జిల్లాలోని ఆ ఊరి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. ఇండియా వెళ్లొచ్చినప్పుడల్లా నాకు ఒంగోలు నుంచి మైసూర్‌పాక్ తెచ్చేవారు. ఆ సీసా ఎప్పుడు రాసుకున్నారో, ఎన్నిసార్లు పెట్టెలో పెట్టుకుని వెళ్లి అలాగే తిరిగి తెచ్చారో తెలియదు. పేరు రాసిన సీసాని ఖాళీగా వెనక్కి తేని మనిషి ఆ ఒక్కదాన్ని తెచ్చారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

మొన్న సెలవుల్లో నేను ఆ సీసా తీసుకుని ఆ ఊరికి వెళ్లాను. అక్కడ అడిగితే బోరింగు చూపించారు. ఎర్ర రంగు వేసి ఉంది. తాగొద్దని గుర్తు. పక్కింటి అరుగు మీద నుంచి ఒక పెద్దామె కర్ర ఆనించుకుంటూ లేచి వచ్చింది. మోకాళ్లు వంగిపోయి ఉన్నాయి.

"ఎవురమ్మా నువ్వు? ఆ నీళ్లు తాగబాక. మాకిప్పుడు కొళాయి నీళ్లు వస్తన్నయ్."

"తాగనమ్మా. పరీక్షకు పట్టుకుంటున్న."

"ఇప్పుడు పరీక్షేంది? రంగేసి ఎన్నాళ్లయిందో."

చెప్పాను. ఈ బోరుకి పాయింటు ఇచ్చినాయన దగ్గర పని నేర్చుకున్నానని, ఆయన ఈ మధ్యనే పోయారని, నీళ్లు పరీక్ష చేయించకుండా మంచినీళ్లని రాయడం తన తప్పేనని నాతో అన్నారని, అది ఇక్కడికొచ్చి చెప్పలేకపోయారని. ఆమె బోరింగు మీద చెయ్యి వేసి వింది.

"జీపులో వచ్చినాయనేనా? సన్నగా ఉంటాడు. నీళ్లు పడ్డరోజు మా అత్త సంగటి పెట్టింది ఆయనకి." నా పళ్ల వంక చూసింది. నేను నోరు మూసుకోలేదు. "అప్పుడే వచ్చి చెప్పుంటే మా చిన్నోడి కాళ్లన్నా నిలబడేయి" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఆయన కూడ అదే అన్నరమ్మా" అన్నాను.

ఆమె కర్ర గోడకి ఆనించింది. "నువ్వు సీసా పట్టుకో, నేను కొడతా" అని పిడి అందుకుంది. వద్దన్నా వినలేదు. నాలుగు దెబ్బలు కొట్టాక నీళ్లొచ్చాయి. తేటగా ఉన్నాయి. సీసా కడిగి పారబోస్తూ లాభం అన్నాను. ఆమె చటుక్కున తలెత్తి నన్ను చూసి, తర్వాతి రెండూ తనే లెక్కపెట్టింది. నాలుగోసారి నిండా పట్టి మూత బిగించాను.

"ఒంగోల్ల ఇచ్చి, రిజల్ట్ రాంగనే ఫోన్ చేస్తనమ్మా. నంబర్ ఇయ్యండి" అన్నాను.

"ఫోన్లొద్దు. వచ్చి చెప్పు" అంది.

వస్తానన్నాను. అరుగు మీద కూర్చుని సీసాని తుడిచి తేదీ రాశాను, సమయం రాశాను. నమూనా తీసినవారు అన్నచోట ఆయన పేరు ఉంది. లేబుల్ మీద జరగనిది ఉండకూడదు. ఆ పేరు మీద ఒక్క గీత కొట్టాను, కింద ఏముందో కనపడేలా. పక్కన నా పేరు రాశాను.